పెట్రోల్ పోసేటప్పుడు వచ్చే ఆవిరికీ హద్దు పెట్టండి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఏ బంకుకైనా వెళ్లి చూడండి. బైక్ మూత తీసి నాజిల్ పెట్టగానే ట్యాంకు నోటి దగ్గర గాలి అలలు అలలుగా కదులుతుంది. అది పెట్రోల్ ఆవిరి. లోపల పెట్రోల్ ఎంత చోటు ఆక్రమిస్తే దాదాపు అంత చోటులోని ఆవిరి నిండిన గాలి బయటికొస్తుంది. మనం డబ్బులిచ్చి వెళ్లిపోతాం. బంకు కుర్రాడు మాత్రం షిఫ్టు అయ్యేదాకా దాన్నే పీలుస్తాడు. అందులో బెంజీన్ అనే రసాయనం ఉంది. అది కేన్సర్ తెస్తుందని ఎప్పుడో తేలింది. బీఎస్-6 (భారత్ స్టేజ్-6 కాలుష్య ప్రమాణాల) పెట్రోల్‌లోనూ అది 1 శాతం వరకు ఉండొచ్చు.

ఆవిరిని వెనక్కి పీల్చే నాజిళ్ల గురించి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. మంచిదే. కానీ ఆ పీల్చే పంపు పాడైతే ఎవరికి తెలుస్తుంది? పెట్రోల్ పడుతూనే ఉంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది. అందుకే భారమంతా బంకు మీద వేయొద్దంటున్నాను.

కార్లలో ఇప్పటికే యాక్టివేటెడ్ కార్బన్ (ఆవిరిని పట్టుకునే ప్రత్యేకమైన బొగ్గు) నింపిన క్యానిస్టర్ అనే డబ్బా ఉంది. ఎండలో నిలిపిన కారు ట్యాంకులో పుట్టే ఆవిరిని అది పట్టి ఉంచుతుంది. బండి నడిచేటప్పుడు ఇంజిన్ ఆ ఆవిరిని లాక్కుని కాల్చేస్తుంది. క్యానిస్టర్‌ను పెద్దది చేసి, పెట్రోల్ పోసే గొట్టంలోంచి ఆవిరి పైకి తన్నకుండా మలిస్తే, పోసేటప్పటి ఆవిరి కూడా అందులోకే పోతుంది. (నాజిల్ టక్కుమని ఆగాక కూడా రౌండ్ ఫిగర్ కోసం నొక్కితే క్యానిస్టర్‌లోకి పెట్రోలే దిగి అది పాడవుతుంది. ఈ ముక్క ప్రతి బంకులో బోర్డు పెట్టి చెప్పాలి.)

అమెరికా ఈ పద్ధతిని 1998 మోడళ్లతో మొదలుపెట్టి, 2000 నాటికి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసింది. అలాంటి కార్లు బాగా పెరిగాక, 2012లో, బంకుల్లోని పీల్చే నాజిళ్లను తీసేసుకోవడానికి రాష్ట్రాలకు వీలు కల్పించింది. చైనా కూడా తన ఆరో దశ ప్రమాణాల్లో దీన్ని చేర్చింది. మన బీఎస్-6లో ఆగి ఉన్న బండి ఆవిరికి హద్దుంది గానీ, పెట్రోల్ పోసేటప్పటి ఆవిరికి లేదు.

తర్వాతి భారత్ స్టేజ్ ప్రమాణాల్లో కార్లకు ఈ హద్దు పెట్టండి. టూవీలర్ల సంగతి కష్టం, ఒప్పుకుంటాను. మన బండ్లలో నాలుగింట మూడు వంతులు అవే. వాటి ట్యాంకు నోరు వెడల్పు, నాజిల్ బిగుతుగా కూర్చోదు. అందుకే మన బైకులకు సరిపడే ట్యాంకు మూతి ఎలా ఉండాలో పుణెలోని వాహన పరీక్షల సంస్థ ఏఆర్ఏఐ చేత ఇప్పటినుంచే పరీక్షలు చేయించండి. ఈలోగా నాజిళ్ల ఆవిరి పంపులను కొలతల తనిఖీతో పాటే తనిఖీ చేసేలా పెట్రోలియం శాఖతో మాట్లాడండి.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక వాహనదారుడు