ఘాట్ రోడ్డులో మరిగే ఇంజన్లు

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కే వ్యాన్లు, ముఖ్యంగా వెనుక బరువైన ట్రైలర్ లాగేవి, ఇంజన్ మరిగి రోడ్డు పక్కన ఆగిపోతున్నాయి. అలాంటి బండ్లకు కొందరు మెకానిక్‌లు థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడిని బట్టి రేడియేటర్‌కు నీటిని వదిలే కవాటం) పీకేసి పంపుతున్నారు. దానివల్ల అసలు లోపం అలాగే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోయడం వల్ల రేడియేటర్ లోపలి సన్నని గొట్టాలకు ఉప్పు పొర పట్టి, బయట రెక్కల మధ్య దుమ్ము, పురుగులు అట్టకట్టి, వేడి బయటకు పోయే దారే మూసుకుపోతుంది. రేడియేటర్ మూతలోని రబ్బరు వాషర్ పగిలినా ఒత్తిడి నిలవక నీరు ముందుగానే మరుగుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో పోయే లోపాన్ని చాలామంది పట్టించుకోకపోవడం నిజంగా బాధాకరం. రేడియేటర్ కడిగించి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్‌ను (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) కంపెనీ చెప్పిన పాళ్లలో కలిపి పోయించాలి. ఫ్యాన్, బెల్టు కూడా చూపించాలి. ఎక్కుడులో ఏసీ ఆపి, చిన్న గేరులో నడపాలి. ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత చేరితే బండిని పక్కకు ఆపాలి. పూర్తిగా చల్లారేదాకా మూత తీయరాదు, సలసల కాగే నీరు ముఖాన చిమ్ముతుంది. ఘాట్ మొదట్లో బరువు బండ్లు ఆగేందుకు నీడ, నీటి వసతి ఉన్న స్థలం కల్పించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక వ్యాన్ యజమాని, కడప