అమ్మా, వాళ్లు ఇంటికొచ్చి అడిగితే

కువైట్, శుక్రవారం

అమ్మకు,

నేను బాగుండాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పుల్లంపేటక్క ఊరికొస్తాంది. ఆమె చేతికి ఈ జాబు, పిల్లోళ్లకు గుడ్డలు, నీకు నొప్పులకు పూసుకునే నూనె ఇచ్చి పంపిస్తాండా. ఇదంతా ఫోనులో చెప్పొచ్చు గదా అంటావు. నా మొగుడు, ఆయప్ప మాట ఎత్తితే చాలు, పొయ్యి మీద పాలుండాయని పెట్టేస్తావు. పాపతో చదివించుకో. ఆ పిల్లకు తెలియనిదేమీ లేదులే.

పని ఎప్పటి మాదిరే. మేడమ్ వాళ్లమ్మను చూసుకునే పని కూడా నాకే పడింది. అకామా, అదే ఈడ ఉండే పర్మిటు, రెన్యువల్ అయింది, జీతం టయానికి ఇస్తాండారు. శుక్రవారం వదుల్తారు, మనోళ్లు కలిసే మాలియాకు పోయి డబ్బులు పంపి వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడి వస్తా. దిగులు పడబాక.

ఆయప్ప జైలు నుంచి కొన్నాళ్లు ఇంటికొచ్చేదానికి పెరోలు అర్జీ పెట్టుకున్నాడంట, వాళ్లక్క కూతురి పెండ్లికి. అర్జీ పెట్టగానే ఊరికే వదలరమ్మా. పోలీసులు, ప్రొబేషన్ ఆఫీసరు వచ్చి విచారిస్తారు. అత్తా మామా లేకపాయె, అడ్రసు మన ఇల్లే రాయించినాడు. అంటే నీ గడపకే వస్తారు. ఈ మనిషొస్తే ఇంట్లో పెట్టుకుంటారా, ఊర్లో ఏమన్నా గొడవలుండాయా అని అడుగుతారు. నువ్వేం చెప్తావోనని నాకు నిద్ర పట్టడం లేదు.

మంచోడని చెప్పమని నేను అనలేదు. ఎర్రచందనం దుంగల బండికి ముందర దావలో పోలీసులుండారేమో చూసే పైలట్ కారు తోలినాడు, దొరికినాడు, శిక్ష పడింది. అది నువ్వు చెప్పకపోయినా వాళ్ల కాగితాల్లో ఉంటాది. "మాకొద్దు, ఆడనే ఉండనీండి" అని మాత్రం అనబాక. కోపంలో నువ్వన్న మాట వాళ్లు రాసుకుంటే మళ్లీ మనం తుడపలేము.

నీ కోపం నాకు తెలుసు. లాయరుకు నా కమ్మలు, నీ సరుడు పోయినాయి. వయసుండాది, వదిలెయ్యి అంటావు. నాయన తాగొచ్చి నీ గాజులు అమ్ముకున్నప్పుడు నువ్వు వదిలినావా? ఈ మాట రాయకూడదు. రాసేసినా, కొట్టెయ్యను.

2015లో శేషాచలంలో 20 మందిని కాల్చినప్పుడు నీకు గుర్తుండాదా, టీవీ ముందర కూర్చోని ఆయప్ప ఏమన్నాడో? "వాళ్లు చెట్లు కొట్టే కూలోళ్లు, నాది డ్రైవరు పని" అన్నాడు. ఆ మరుసటేడు చట్టం మార్చి శిక్షలు పెంచినారని నేనే చదివి చెప్పినా, నవ్వినాడు. ఆయప్పను పంపించిన మేస్త్రీ ఇప్పుడు రాజంపేటలో మేడ కడతాండాడంట.

మొదటిసారి రిమాండు నుంచి బయటికొచ్చినప్పుడు ఒంటిమిట్ట రాములవారి గుళ్లో ప్రమాణం చేసినాడు. ఆ ప్రమాణం ఎన్నాళ్లు నిలిచిందో మనకు తెలుసు. అందుకే ఇప్పుడు జాబులో "ఇంక ఆ దావన పోను" అని రాసినా నేను పెద్దగా పట్టించుకోలా. వేరేది విని నమ్మకం పుట్టింది. ఆ మేస్త్రీ మనిషి పండ్లు తీసుకొని జైలుకు ములాఖత్‌కు, ఆయప్పను చూసేదానికి, పోయినాడంట, లాయరు ఖర్చు మేము చూసుకుంటాం, బయటికొచ్చినాక మాట్లాడుకుందాం అని చెప్పడానికి. ఆయప్ప లోపల్నుంచి రానన్నాడంట. తమ్ముడు ఆ పొద్దు ఆడనే వరసలో నిలబడుండి కండ్లారా చూసినాడు, వాణ్ణే అడుగు. ఇంటికొచ్చిన డబ్బు వద్దనడం నేను ఆయప్ప దగ్గర ఎప్పుడూ చూళ్లేదమ్మా.

జైల్లో వడ్రంగి పనికి పోతాండాడు. అడివిలో దుంగలు దాటించినోడు ఇప్పుడు బడి బెంచీలకు చిత్రిక పడతాండాడు. పాప ఇది చెప్పి నవ్వింది, నేనూ నవ్వినా.

జైలు ఫోను నీ నంబరుకే వస్తాది, నా నంబరుకు రాదు. నువ్వు ఎత్తకపోతే ఆ వారం అంతే. పోయిన నెల పాప రెండు ఫోన్లూ మంచం మీద ఎదురెదురుగా పెట్టి స్పీకర్లు వేసింది. ఆయప్ప గొంతు, నడిమిట్లో మన కోళ్ల గోల, మళ్లీ గొంతు. "బువ్వ తింటాండావా" అన్నాడు. నేను ఏదో అనేలోపల టయం అయిపోయింది. నువ్వు పాపను తిట్టినావంట. తిట్టబాక.

ఇంకోటి. పిల్లోనికి నాయన కూడా కువైట్‌లోనే ఉండాడని చెప్పినావు గదా. మొన్న వీడియోలో "నాయనకు ఇయ్యి" అన్నాడు. డ్యూటీకి పోయినాడని తప్పించుకున్నా. ఇంకెన్నాళ్లు? బళ్లో ఎవడో ఒకడు చెప్తాడు, అది మొగం మీద కొట్టినట్టుంటాది. పెండ్లికి ఆయప్ప వస్తే ఎస్కార్టు పోలీసులతోనే వస్తాడో ఏమో. అంతలోపల నువ్వే దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పు. తప్పు చేసినాడు, శిక్ష పడింది, అయినాక వస్తాడు అను. వానికి అర్థమైతాది, మనమనుకున్నంత చిన్నోడు కాదు.

పంపిన డబ్బుల్లో ముందర చీటీ కట్టు. కొంచెం ఆయప్ప పేరున జైల్లో కట్టించు, సబ్బులకూ క్యాంటీనుకూ అయితాది. పోయేటప్పుడు తమ్ముణ్ణి తోడు తీసకపో, ఆధార్ కార్డు మర్చిపోబాక, కడప ఎండకు గొడుగు పెట్టుకో. పిల్లోణ్ణి కూడా తీసకపోతావా? నీ ఇష్టం, నేను బలవంతం చెయ్యను. తీసకపోతే బాగుంటాది.

మేక ఈనిందా? నూనె రాత్రిపూటే పూసుకో, కండ్లకు తగలనీయబాక. జాబు చదివినాక కోపమొస్తే తిట్టడానికైనా ఫోన్ చెయ్యి.

నీ బిడ్డ