చింతచెట్టు బేరం ఇప్పుడే వద్దు నాయనా

మెల్బోర్న్,
మార్చి 9

నాయనకు,

మొన్న నువ్వు చింతచెట్టు బేరం సంగతి చెబుతుండగానే సిగ్నల్ పోయింది. మళ్ళీ ఫోన్ చేయొచ్చు గానీ, ఫోన్‌లో అయితే నాలుగు మాటలు విని "సరేలేమ్మా" అంటావు, తర్వాత నీకు తోచిందే చేస్తావు. అందుకే రాస్తున్నాను. తమ్ముడు ప్రింట్ తీసి ఇస్తాడు, దగ్గర పెట్టుకో. ఆ వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకోలేదు కదా? తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చేయి.

పూర్తిగా ఎండితే కట్టెల రేటుకు పోతుంది, పచ్చిగా ఉండగానే అమ్మితే మాను ధర వస్తుంది అన్నావు. అది వ్యాపారి చెప్పిన మాట. చింత చేవ గట్టిది, మాంసం అంగళ్ళలో మొద్దులకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, తొందర అతనికే. తమ్ముడు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. వీధి వైపు కొమ్మలే ఎండాయి, పెరటి వైపు కాయ బాగానే దిగింది. ఉత్త కరువుకే ఎండే చెట్టయితే అన్ని వైపులా పైకొనల నుంచి ఎండుతూ వస్తుంది. ఒక్క పక్కే ఎండిందంటే ముందు ఆ పక్క వేళ్ళను అనుమానించాలి. చాలా చెట్లలో ఏ పక్క వేళ్ళు ఎక్కువగా ఆ పక్క కొమ్మలనే పోషిస్తాయి.

రెండేళ్ళ కింద వీధిలో సిమెంటు రోడ్డు వేసినప్పుడు, మురుగు కాలువ కోసం జేసీబీతో మాను పక్కనే తవ్వారు. మొదలుకు నాలుగడుగుల దూరం కూడా లేదు. తవ్విన మట్టి, మొరం అక్కడే చెట్టు మొదట్లో పోసి చదును చేశారు, దాని మీద సిమెంటు. అప్పుడు చెట్టుకు ఏమీ కాలేదని అందరూ అనుకున్నారు. పెద్ద చెట్టు అంత తొందరగా బయటపడదు నాయనా. మానులో, వేళ్ళలో దాచుకున్న పిండి పదార్థంతో ఒకటి రెండేళ్ళు నెట్టుకొస్తుంది. దానికి తోడు నిరుడు వాన కూడా సరిగా లేకపోయె. ఉన్న సగం వేళ్ళతో అంత తలకాయకు నీళ్ళు అందించలేక ఇప్పుడు ఒక పక్క వదిలేస్తోంది.

చెట్టు పైకి ఎంత ఉంటే కింద వేరు అంత లోతు పోతుందని మన ఊళ్ళో అంటారు. ఇక్కడి వాళ్ళూ అదే అంటారు. చింతకు తల్లివేరు ఉంటుంది నిజమే, కానీ నీళ్ళు, ఎరువు తాగే సన్న వేళ్ళు ఎక్కువ భాగం పైన అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. మన ఎర్ర నేలల్లో కొంచెం తవ్వితే గట్టి మొరమే తగులుతుంది, ఇంకెక్కడికి పోతాయి? అందుకని అడ్డంగా పోతాయి, కొమ్మల నీడ దాటి ఇంకా చాలా దూరం. చెట్టు దగ్గర తవ్వడానికి ఆస్ట్రేలియాలో ఒక లెక్క ఉంది. గుండె ఎత్తున, అంటే 1.4 మీటర్ల దగ్గర మాను అడ్డకొలత చూసి, దానికి 12 రెట్లు దూరం వరకు చెట్టు జాగా కింద లెక్క. మన చెట్టు చుట్టుకొలత ఎనిమిది అడుగులన్నాడు తమ్ముడు, అంటే అడ్డం రెండున్నర. చుట్టూ ముప్పై అడుగులు దాని జాగా అన్నమాట. అందులో నాలుగడుగుల దగ్గర జేసీబీ పెట్టారు.

ఇంతకీ నేను చేసే పని ఇదే. అనంతరాజుపేటలో హార్టికల్చర్ చదివి, ఆస్ట్రేలియా పోయి చెట్లెక్కే పని చేస్తోందేమిటని పెద్దత్త అడుగుతోందట. ఎక్కేది తక్కువ, మోకాళ్ళ మీద కూర్చుని మట్టి చూసేదే ఎక్కువ అని చెప్పు. ఇక్కడ ఎయిర్ స్పేడ్ అని ఒక సాధనం ఉంది, కంప్రెసర్ గాలితో మట్టిని ఊదేస్తుంది, వేరు మాత్రం తెగదు. దానితో మొదట్లో మట్టి తీసి వేళ్ళు ఎట్లా ఉన్నాయో చూస్తాం. ఒక్కోసారి ఒక వేరే మాను చుట్టూ తిరిగి దాన్ని బిగించేసి ఉంటుంది.

ఈ నగరంలో వాన మనకంటే మరీ ఎక్కువేమీ కాదు. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ, ఇక్కడ 650 చుట్టూ. ఇక్కడ మాత్రం నెల నెలా కొంచెం కొంచెం పడుతుంది. మనకు కొన్ని రోజుల్లో కురిసి పారిపోతుంది, తర్వాత నెలల తరబడి ఎండ. ఇక్కడ కూడా 1997 నుంచి 2009 దాకా పెద్ద కరువు వచ్చింది. తోటలకు నీళ్ళు పెట్టడం మీద ఆంక్షలు పెట్టారు. యూరప్‌లో ఒక తెగులుకు ఎల్మ్ చెట్లు కోట్లలో పోయాయి, ఇక్కడి రోడ్ల పక్కన మాత్రం పెద్ద మానులు మిగిలాయి. అవి కూడా ఆ కరువులో బాగా దెబ్బ తిన్నాయి. ఆ తర్వాతే ఇక్కడి వాళ్ళు చెట్లకు లెక్కలు, నంబర్లు పెట్టారు. ఎక్కడైనా కొమ్మ విరిగితే జనం తెలియజేయాలని ఒక్కో చెట్టుకు ఒక ఈమెయిల్ ఇస్తే, జనం చెట్లకు ప్రేమలేఖలు రాశారు! నువ్వు నవ్వుతావని తెలుసు.

ఇక మన చెట్టు సంగతి. ముందు మొదట్లో పోసిన మట్టి తీయించు. పార, గడ్డపార వద్దు, చిన్న తొలికతో నిదానంగా. మాను నేలలోకి స్తంభంలాగా నిటారుగా దిగకూడదు, వేళ్ళ దగ్గర వెడల్పయ్యి విచ్చుకోవాలి. ఆ విచ్చుకున్న చోటు కనబడే దాకా తీయాలి. వేళ్ళకు గాలి కావాలి, గట్టిపడిన మొరం కింద వాటికి ఊపిరాడదు. మాను చుట్టూ ఉన్న సిమెంటు, రోడ్డును ముట్టుకోకుండా, పంచాయతీలో ఒక మాట చెప్పి పగలగొట్టించు. కాలువకూ మానుకూ మధ్యనున్న ఆ కాస్త నేలే ఇప్పుడు ముఖ్యం, తెగిన వేరుకు కొత్త పిల్లవేళ్ళు కోసిన చోటికి కొంచెం వెనకనే వస్తాయి. చీలికలుగా చిరిగిన వేళ్ళు కనబడితే రంపంతో నున్నగా కోయండి. మందు పూయక్కర్లేదు.

ట్రాక్టరు చెట్టు కింద నిలపొద్దు. నీడ కోసం నిలుపుతావని తెలుసు, కానీ ఆ బరువుకు నేల గట్టిపడి నీళ్ళు ఇంకవు. రేకుల షెడ్డు ఖాళీగానే ఉంది కదా.

నీళ్ళు రోజూ బిందెడు మొదట్లో పోస్తే ఏమీ లాభం లేదు, పైపైన తడిసి మధ్యాహ్నానికి ఆరిపోతాయి. మా వాళ్ళు మాను అంగుళం మందానికి నలభై లీటర్లు అని ఒక ఉజ్జాయింపు చెబుతారు. ముప్పై అంగుళాల మానుకు 1200 లీటర్లు. ట్యాంకరు పిలవక్కర్లేదు, మన 200 లీటర్ల డ్రమ్ము అడుగున మేకుతో చిల్లి పెట్టి, మానుకు దూరంగా, కొమ్మల అంచు కింద ఆరు చోట్ల మార్చి మార్చి పెట్టించు. సాయంత్రం పెడితే రాత్రంతా కారుతుంది. మర్నాడు ఇనుప ఊచ గుచ్చి చూడు, తడి ఉన్నంత మేరా సులువుగా దిగుతుంది, పొడి తగిలితే ఆగిపోతుంది. అడుగు దాటి దిగితే చాలు. మళ్ళీ మూడు వారాలకు. వానలు పడేదాకా ఇంతే.

తడిపిన నేల మీద వేరుశనగ బుడ్డల పొట్టు మూడు నాలుగు అంగుళాల మందం పరిపించు. గాలికి లేచిపోకుండా పైన కందికట్టె వేస్తే సరి. మానుకు మాత్రం జానెడు దూరం ఉంచాలి, ఆనించి పోస్తే బెరడు కుళ్ళుతుంది, చెదలు పడతాయి. పాలమూరు పిల్లలమర్రికి చెదలు పట్టి 2018లో సెలైన్ బాటిళ్ళు కట్టి మందు ఎక్కించారు, టీవీలో చూసే ఉంటావు. మనకు అంతదాకా వద్దు.

యూరియా వేయొద్దు, ఎవరు చెప్పినా సరే. జ్వరంతో పడుకున్నవాడికి విందు పెట్టినట్టు ఉంటుంది. లేని వేళ్ళకు ఎరువేస్తే ఉన్న తడి కూడా లాగేస్తుంది. అట్లాగే భారం తగ్గుతుందని పచ్చి కొమ్మలు నరికించొద్దు. వేళ్ళు మళ్ళీ పుట్టాలంటే తిండి చేసి పంపేది ఆ ఆకే. పూర్తిగా ఎండిన కొమ్మలు వీధి మీద ఉన్నాయి కాబట్టి అవి తీయించాల్సిందే. ఏది ఎండిందో తెలియకపోతే సన్న రెమ్మ బెరడు గోటితో గీకి చూడు. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. ఇప్పుడు ఎటూ చింత ఆకు రాల్చే కాలం, బోసిగా ఉందని చచ్చిందనుకోవద్దు. చిగురు పడే దాకా ఆగు.

బెట్ట గురించి నీకు నేను చెప్పడం ఏమిటి అనుకుంటావేమో. చీనీ (బత్తాయి) చెట్లకు నీళ్ళు ఆపి, ఆకు వాడేదాకా ఉంచి, తర్వాత తవ్వి ఎరువు వేసి నీళ్ళు కట్టి పూత తెప్పించే మనిషివి నువ్వు. ఆ బెట్ట ఎక్కడ ఆపాలో నీ చేతిలో ఉంటుంది. చింతకు వచ్చింది అట్లాంటిది కాదు.

చీనీ మాట వచ్చింది కాబట్టి ఒకటే చెబుతాను. డ్రిప్పు బొట్లు ఇంకా మొక్క నాటినప్పుడు పెట్టిన చోటే, మొదట్లోనే ఉన్నాయని తమ్ముడన్నాడు. చెట్లు అంత పెద్దవయ్యాక అక్కడ తాగే వేళ్ళు లేవు. మొదలు నానితే బంక తెగులు వస్తుంది, అది నీకే బాగా తెలుసు. పైపు జరిపి, కొమ్మల అంచు కింద రెండు వైపులా పెట్టించు. బోరులో అవే నీళ్ళు, ఇంకొంచెం ఎక్కువ రోజులు వస్తాయి.

ఇంత చేసినా చెట్టు బతుకుతుందని మాట ఇవ్వలేను. మొదట్లో మట్టి తీసినప్పుడు కాలువ వైపు పెద్ద వేళ్ళు మెత్తగా కుళ్ళి ఉంటే, పుట్టగొడుగులు కనబడితే, లేదా పెరటి వైపు నేల పగిలి చెట్టు వీధి మీదికి వాలుతుంటే వెంటనే ఫోన్ చెయ్యి. అది జనం మీద పడే చెట్టు, అప్పుడు ఆ వ్యాపారితో నేనే మాట్లాడతాను. అవేమీ లేకపోతే రెండు వానాకాలాలు చూద్దాం.

మట్టి తీసిన రోజు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు పంపమను. చిగురు వచ్చాక పప్పులోకి పెరటి వైపు కొమ్మల్లోనే కోసుకోమని అమ్మకు చెప్పు. వీధి వైపు వచ్చే చిగురు ఈ ఏడు ఎవరూ ముట్టుకోవద్దు, పక్కింటి వాళ్ళకూ చెప్పండి. పోయినసారి అడిగిన మోకాళ్ళ పట్టీ పార్శిల్‌లో వేశాను.

నీ కూతురు