సాచెట్ చింపకముందే ఆపిన సిస్టర్‌కు, ఫోన్లో దొరికిన అక్కకు

నిన్న మధ్యాహ్నం మా పాప చేతికున్న పిక్ లైన్, అంటే సిరలోకి మందు ఎక్కించే సన్నని గొట్టం, తీసేశారు. పద్నాలుగు రోజుల ఐవీ యాంటీబయాటిక్స్ అయిపోయాయి. పాప నిద్రపోయాక ఇది రాయడానికి కూర్చున్నాను. ఈ రెండు నెలల్లో మాకు సాయం చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందులో ఇద్దరి గురించి వివరంగా చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు.

పాపకు తొమ్మిదేళ్ళు. సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్) అని పసితనంలోనే చెమట పరీక్షలో తేలింది. తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. సీఎఫ్‌టీఆర్ అనే జన్యువులో లోపం వల్ల ఒంట్లో ఉప్పూ నీరూ కదలాల్సిన తీరులో కదలవు. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా గట్టిపడుతుంది, అందులో బ్యాక్టీరియా తిష్ట వేస్తుంది. పేగుల్లోనూ అదే జిగురు. పాంక్రియాస్ నుంచి ఎంజైములు సరిగ్గా రావు కాబట్టి పాపకు అన్నంతోపాటు ఎంజైమ్ క్యాప్సూల్స్ కూడా వేయాలి. పొద్దున్నా సాయంత్రం నెబ్యులైజర్, ఆ తర్వాత కఫం కదిలించే ఫిజియో. ఇదీ మా రోజు.

రెండు నెలల కిందట గొంతు స్వాబ్‌లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వచ్చింది. సీఎఫ్ పిల్లల తల్లిదండ్రులకు ఆ పేరు వింటేనే కాళ్ళు చల్లబడతాయి. మొదటిసారి కనిపించినప్పుడే గట్టిగా మందు వేస్తే దాన్ని పూర్తిగా వదిలించే అవకాశం ఉంది. వదిలేస్తే కఫంలో తన చుట్టూ జిగురు పొర కట్టుకుని కూర్చుంటుంది, ఆ పొరలోకి యాంటీబయాటిక్ సరిగ్గా చొరబడదు. అందుకే 28 రోజుల పాటు రోజుకు రెండుసార్లు టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్‌ను నెబ్యులైజర్‌తో పీల్చాలన్నారు. అప్పటికే ఉన్న వాటికి ఇవి అదనం.

పాప అలిసిపోయింది. నాలుగో రోజున మాస్క్ చూడగానే మొహం తిప్పేసింది. ఆ రాత్రి నేను ప్రొబయాటిక్స్ గురించి చదవడం మొదలుపెట్టాను. మంచి బ్యాక్టీరియా చెడ్డ బ్యాక్టీరియాను అణిచేస్తుందన్న మాట ఎంత ఊరట ఇస్తుందో చెప్పలేను. ల్యాబ్‌లో లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియాలో కొన్ని రకాలు సూడోమోనాస్‌ను నిజంగానే అదుపు చేశాయి, ఎలుకల మీద కూడా కొంత ఫలితం కనిపించింది. అది చదివి, ప్రొబయాటిక్ మొదలుపెట్టి నెబ్యులైజర్ ఒక పూట తగ్గిద్దామని నాలో నేనే నిర్ణయించేసుకున్నాను. డాక్టర్‌ను అడగలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు.

చెప్పింది ఒక్క అక్కకే. ఆమెకు నలభై దాటాయి. ఆమెకూ సీఎఫ్ ఉంది. తెలిసినవాళ్ళ ద్వారా నంబర్ దొరికింది. నేను చెప్పిందంతా వింది. మధ్యలో ఒకసారి దగ్గు వచ్చి చాలాసేపు ఆగింది. తర్వాత అంది, "చూడమ్మా, నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు నేనూ ఇలాగే ఒక పూట మానేశాను. తర్వాత రెండు పూటలూ మానేశాను. అప్పుడు పట్టుకున్న సూడోమోనాస్ ఇప్పటికీ నాతోనే ఉంది. ప్రొబయాటిక్ ఇస్తావో మానేస్తావో డాక్టర్‌ను అడిగి చూసుకో. మాస్క్ మాత్రం తియ్యకు. ఈ 28 రోజులు పాపకు మళ్ళీ రావు."

ఆ రాత్రే మళ్ళీ మాస్క్ పెట్టాను. ఆ తర్వాత ప్రతి సాయంత్రం అక్క వీడియో కాల్ చేసేది. తన నెబ్యులైజర్ తను పెట్టుకుని, "ఎవరి మందు ముందు అయిపోతుందో చూద్దాం" అనేది. పాప ఏడవకుండా మాస్క్ పెట్టుకున్నది ఆ కాల్స్ వల్లే. అక్కను మేం ఇంతవరకు నేరుగా కలవలేదు. సీఎఫ్ ఉన్న ఇద్దరు ఒక గదిలో కూర్చోకూడదు. ఒకరి ఊపిరితిత్తుల్లోని బ్యాక్టీరియా ఇంకొకరికి అంటుకుంటుంది కాబట్టి కనీసం ఆరడుగుల దూరం పాటించాలంటారు. మా పాపను ఇంతగా ప్రేమించిన మనిషి దాన్ని ఒక్కసారి కూడా ఒళ్ళో కూర్చోబెట్టుకోలేదు.

28 రోజులూ పూర్తయ్యాయి. అయినా దగ్గు తగ్గలేదు, బరువు తగ్గింది. ఆస్పత్రిలో చేర్చి ఐవీ పెట్టాల్సి వచ్చింది. మూడో రోజుకు విరేచనాలు మొదలయ్యాయి. యాంటీబయాటిక్స్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తాయని నాకు తెలుసు. బ్యాగ్‌లో ప్రొబయాటిక్ సాచెట్లు ఉన్నాయి. పాప మంచం మీద, దాని మోచేతి పక్కనే గ్లాసు పెట్టి సాచెట్ మూల పట్టుకున్నాను. అప్పుడే లోపలికి వచ్చిన సిస్టర్ కేక వేయలేదు, తిట్టలేదు. నా చేతి మీద చెయ్యి వేసింది.

"అమ్మా, ఇక్కడ చింపకండి."

తర్వాత చెప్పింది. ఆ పొడి చాలా సన్నగా ఉంటుంది. చింపగానే కంటికి కనిపించకుండా గాల్లోకి లేస్తుంది. చేతుల మీద, దుప్పటి మీద, లైన్ మూత మీద వాలుతుంది. ఆ లైన్ నేరుగా గుండె దగ్గరి పెద్ద సిర దాకా వెళ్తుంది. పేగులో మేలు చేసే ప్రాణి రక్తంలోకి వెళ్తే ఇన్‌ఫెక్షన్ అవుతుంది. నా చేతిలో ఉన్నది సాక్రోమైసిస్ బౌలార్డీ, అంటే ఒక రకం ఈస్ట్. ఇలాంటి లైన్లు ఉన్న రోగుల రక్తంలో అది దొరికిన కేసులు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. ఈ సంగతి నేను చదివిన ఏ వ్యాసంలోనూ కనిపించలేదు. నాలుగు సాచెట్లూ తీసుకుని, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, డ్యూటీ డాక్టర్ గారిని పిలిచింది. డ్యూటీ అయిపోయి కూడా ఇరవై నిమిషాలు నాతోనే ఉంది. సిస్టర్, ఆ రోజు నా చేతులు ఎంతసేపు వణికాయో మీరు చూశారు. మీకు చెయ్యెత్తి దండం పెడుతున్నాను.

డాక్టర్ గారు అడ్మిషన్ కాగితం వెనక పేగులు, ఊపిరితిత్తులు బొమ్మ గీశారు. మింగిన ప్రొబయాటిక్ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి అక్కడి సూడోమోనాస్‌తో పోరాడదు. అది పనిచేసేది పేగులోనే. సీఎఫ్ ఉన్నవాళ్ళ పేగుల్లో వాపు ఎక్కువ, యాంటీబయాటిక్స్ వల్ల అక్కడి బ్యాక్టీరియా కూడా చెదిరిపోతుంది. పేగు బాగుపడితే ఒంటి రోగనిరోధక శక్తి తీరు మారి, ఊపిరితిత్తులకు పరోక్షంగా మేలు జరగొచ్చన్నది ఆలోచన. ఆలోచన మంచిదేనని ఆయనా అన్నారు. 2007లో ఇటలీలో 38 మంది పిల్లలకు లాక్టోబాసిల్లస్ జీజీ ఇచ్చి చూస్తే, ఇచ్చిన నెలల్లో ఊపిరితిత్తుల జబ్బు తిరగబెట్టడం తగ్గింది. 2014లో లాక్టోబాసిల్లస్ రూటెరీతో చేసిన ఇంకో అధ్యయనంలోనూ తగ్గింది. నేను చదివి ఆశపడింది వీటి గురించే. కానీ 2018లో అదే జీజీని ఇంకా ఎక్కువమంది పిల్లలకు ఏడాది పాటు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మందు వాడినవాళ్ళకూ వీళ్ళకూ తేడా రాలేదు. 2020లో వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 12 ట్రయల్స్, 464 మంది వివరాలు కలిపి చూసింది. పేగు వాపును చూపే కాల్‌ప్రొటెక్టిన్ తగ్గింది. ఊపిరితిత్తుల జబ్బు తిరగబెట్టే విషయంలో మాత్రం తేడా ఉంటే కొద్దిగా ఉండొచ్చు, లేకపోనూవచ్చు అని తేల్చింది.

ఆ 2018 సంగతి విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. చేతిలోది లాగేసుకున్నట్టు అనిపించింది. ఆయన తొందరపడలేదు. నేను కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, "ఆశ వదులుకోమని చెప్పడం లేదమ్మా, మందుల స్థానంలో దీన్ని పెట్టొద్దంటున్నాను" అన్నారు. లైన్ ఉన్నన్నాళ్ళూ వద్దన్నారు. లైన్ తీశాక కావాలంటే ఏ రకం బ్యాక్టీరియానో డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్నదే, టీమ్‌కు చెప్పి, నోటి యాంటీబయాటిక్‌కు కనీసం రెండు గంటల తేడాతో వాడమన్నారు. పొట్ట నొప్పి, ఉబ్బరం పెరిగితే ఆపేయమన్నారు. మేం ఇంకా మొదలుపెట్టలేదు. వచ్చే అపాయింట్‌మెంట్‌లో డైటీషియన్ గారితో మాట్లాడి చూస్తాం.

ఎంజైమ్ మోతాదు సరిచేసి పాప బరువు మళ్ళీ పెరిగేలా చూసిన డైటీషియన్ గారికి, పాప నవ్వుతూ కఫం తీసేలా ఆటలు కనిపెట్టిన ఫిజియో అన్నకు, పద్నాలుగు రాత్రులు కుర్చీలోనే పడుకున్న మా ఆయనకు కూడా ధన్యవాదాలు. నెబ్యులైజర్ ఒక పూట తగ్గిద్దామనుకున్న సంగతి ఆయనకు ఇప్పుడు చెప్పాను.

నిన్న తీసిన స్వాబ్ రిజల్ట్ ఇంకా రాలేదు. టెన్షన్ ఉంది. కానీ పాప ఈ సాయంత్రం మాస్క్ తనంతట తనే పెట్టుకుంది.

అక్కా, పాప నీకు ఉత్తరం రాసింది. నువ్వూ అదీ మాస్కులతో పక్కపక్కన ఉన్న బొమ్మ వేసి, మధ్యలో స్కేలుతో గీత గీసి "ఆరడుగులు" అని రాసింది. రేపు పోస్ట్ చేస్తాను. నీ అడ్రస్ ఒకసారి పంపు.