మా కౌంటీకి ఎమ్మెల్యే ఎవరని అడిగారు కదా, నాన్నగారూ

సౌత్ రైడింగ్, వర్జీనియా
2025 నవంబరు 16

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారములు. మేమందరం ఇక్కడ క్షేమం. అమ్మ, మీరు, దుగ్గిరాలలో మనవాళ్ళందరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మొన్న ఫోనులో మీరు, "అక్కడ ఎన్నికలు జరిగాయట కదమ్మా, మీ కౌంటీకి ఎమ్మెల్యే ఎవరు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు చెప్పడం కుదరదు. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠం చెబుతూ, ప్రతి ఎన్నికలోనూ ప్రిసైడింగ్ ఆఫీసరుగా పెట్టెలు సీలు వేసి మండలాఫీసులో అప్పగించి వచ్చిన మీకు సగం జవాబు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేక ఉత్తరం రాస్తున్నాను.

వర్జీనియా రాష్ట్రంలో మన జిల్లాల్లాంటి 95 కౌంటీలు, వాటిలో దేనికీ చెందని 38 స్వతంత్ర నగరాలు ఉన్నాయి. మేముండేది లౌడన్ కౌంటీ. రాష్ట్ర శాసనసభకు రెండు సభలున్నాయి. కింది సభలో మన ఎమ్మెల్యేల్లాంటి 100 మంది డెలిగేట్లు, వాళ్ళు రెండేళ్ళకొకసారి ఎన్నికవుతారు. పై సభలో 40 మంది సెనేటర్లు, వాళ్ళది నాలుగేళ్ళ పదవి. ఈ ఎన్నికలు బేసి సంవత్సరాల్లో వస్తాయి కనుక అమెరికా అధ్యక్షుడి ఎన్నికతో కలవవు. మొన్న నవంబరు 4న 100 మంది డెలిగేట్ల స్థానాలకూ, గవర్నరు, లెఫ్టినెంట్ గవర్నరు, అటార్నీ జనరల్ పదవులకూ పోలింగ్ జరిగింది. సెనేట్ వంతు 2027లో వస్తుంది. ఇంతవరకు కింది సభలో డెమోక్రాట్లకు 51, రిపబ్లికన్లకు 49 స్థానాలుండేవి. ఇప్పుడవి 64, 36 అయ్యాయి. సెనేట్‌లో 21, 19 అలాగే ఉన్నాయి.

ఇక మీ ప్రశ్న. 2020 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభా 86 లక్షల 31 వేలు. దాన్ని 100తో భాగిస్తే ఒక్కొక్క డెలిగేటుకు సుమారు 86 వేల మంది వస్తారు. లౌడన్ జనాభా 4,20,959. అంటే మా కౌంటీకి దాదాపు ఐదుగురు డెలిగేట్లు, ఇద్దరు సెనేటర్లు రావాలి. డెలిగేట్ల నియోజకవర్గాలు 26 నుంచి 30 వరకు మావే. అయితే 30వది మా కౌంటీ పడమటి పల్లెల దగ్గర ఆగకుండా పక్కనున్న ఫాకియర్ కౌంటీలోకి కూడా సాగుతుంది. సెనేట్‌లో 32వది పూర్తిగా మా తూర్పు వైపు, 31వది మళ్ళీ ఫాకియర్‌తో పంచుకున్నది. మేముండే వీధి డెలిగేట్ల సభకు 26లోనూ, సెనేట్‌కు 32లోనూ ఉంది. కాబట్టి మా డెలిగేటు సిక్కు మతస్థుడైన జె.జె. సింగ్, మా సెనేటరు భారతదేశంలో పుట్టిన కన్నన్ శ్రీనివాసన్. వాళ్ళిద్దరూ మా కౌంటీ మొత్తానికి ప్రతినిధులు కారు. కారులో కాస్త దూరం వెళితే అక్కడి వాళ్ళకు డెలిగేటు వేరు.

జనం తక్కువున్న చోట ఇది తలకిందులవుతుంది. పడమటి కొండల్లో హైలాండ్ అనే కౌంటీ ఉంది. 2020లో దాని జనాభా 2,232, మన వైపు ఒక మోస్తరు పల్లెకున్నంత. అలాంటి కౌంటీకి సొంతంగా డెలిగేటు రావాలన్న ఆశే లేదు. చుట్టుపక్కల కౌంటీలతో కలిస్తేనే ఒక స్థానం అవుతుంది. ఇటు మా పక్కనున్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ జనాభా పదకొండున్నర లక్షలు, దానికి ఎందరో డెలిగేట్లు. ఒకప్పుడు ఈ లెక్క ఇలా ఉండేది కాదు. అనేక రాష్ట్రాల్లో కౌంటీని యూనిట్‌గా తీసుకుని స్థానాలిచ్చేవారు. అలబామాలో 15 వేల మంది ఉన్న లౌండ్స్ కౌంటీకి ఒక సెనేటరు, ఆరు లక్షలు దాటిన జెఫర్సన్ కౌంటీకీ ఒకే సెనేటరు ఉండేవారు. 1964 జూన్ 15న అమెరికా సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పింది. శాసనసభ్యులు ప్రాతినిధ్యం వహించేది మనుషులకే కాని చెట్లకూ ఎకరాలకూ కాదని ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ రాశారు. అదే రోజున వర్జీనియా మీద వచ్చిన దావాలోనూ ఇలాంటి తీర్పే వెలువడింది. ఆ దావా వేసింది మా వైపు ఆర్లింగ్టన్, ఫెయిర్‌ఫాక్స్ ప్రాంతాల వాళ్ళే. ఈ రోజు మా ఇంటి ఓటుకూ హైలాండ్ కొండల్లోని రైతు ఓటుకూ సమానమైన బరువు ఉన్నదంటే ఆ తీర్పు పుణ్యమేనని నేను గట్టిగా నమ్ముతాను.

జనాభా సమానంగా ఉండాలని కోర్టు చెప్పింది సరే, నియోజకవర్గాల హద్దు గీత ఎటు వంచాలో ఎవరు నిర్ణయిస్తారు? మన దేశంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన డీలిమిటేషన్ కమిషన్ వేస్తారు. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో శాసనసభే తన హద్దులు తాను గీసుకుంటుంది, అంటే తమకు ఓటు వేయబోయే జనాన్ని సభ్యులే ఎంచుకుంటారు. వర్జీనియా ప్రజలు దీన్ని మార్చాలని 2020 నవంబరులో రాజ్యాంగ సవరణకు దాదాపు మూడింట రెండు వంతుల ఓట్లతో ఆమోదం తెలిపారు. ఎనిమిది మంది శాసనసభ్యులు, ఎనిమిది మంది సామాన్య పౌరులతో కమిషన్ ఏర్పడింది. కాని రెండు పక్షాలూ పట్టు విడవకపోవడంతో అది 2021 అక్టోబరులో చేతులెత్తేసింది. అప్పుడు రాష్ట్ర సుప్రీంకోర్టు ఇద్దరు నిపుణులను నియమించి వాళ్ళ చేత పటాలు గీయించి, డిసెంబరు 28న ఖరారు చేసింది. ఏ సభ్యుడి ఇల్లు ఎక్కడుందో చూడకుండా వాళ్ళు గీశారు. దాంతో పాత సభ్యులు ఇద్దరు ముగ్గురు ఒకే నియోజకవర్గంలో పడ్డారు, కొందరు తప్పుకున్నారు. 2023లో ఆ కొత్త హద్దులతో మొదటి ఎన్నికలు జరిగాయి. మా 30వ నియోజకవర్గం ఆ గీతల్లోదే. మొన్న అక్కడ రిపబ్లికన్ సభ్యుడు గీరీ హిగ్గిన్స్‌ను డెమోక్రాట్ జాన్ మెకాలిఫ్ ఓడించారు. పార్టీలు చేతులు మారిన 13 స్థానాల్లో అదొకటి.

గీత మారితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మన దుగ్గిరాల పేరుతోనే ఒక శాసనసభ నియోజకవర్గం ఉండేది. 2008 పునర్విభజనలో అది రద్దయి, మన మండలం మంగళగిరిలో కలిసింది. 2009లో ఓటు వేసి వచ్చాక మీరు చాలాసేపు ముభావంగా ఉండిపోయారు. ఆ తరువాత 2014లో మంగళగిరిలో ఆళ్ళ రామకృష్ణారెడ్డి గెలిచిన మెజారిటీ 12 ఓట్లు మాత్రమే. మన వీధిలో రెండు కుటుంబాల ఓట్లకు అది సమానం. ఆ లెక్కింపు రోజున టీవీ ముందు నుంచి మీరు లేవలేదని అమ్మ చెప్పింది.

ఇక్కడ అంతకన్నా దగ్గరి పోటీ ఒకటి జరిగింది. 2017 ఎన్నికల్లో న్యూపోర్ట్ న్యూస్ నగరంలోని 94వ నియోజకవర్గంలో రిపబ్లికన్ డేవిడ్ యాన్సీ, డెమోక్రాట్ షెల్లీ సైమండ్స్ తలపడ్డారు. మళ్ళీ లెక్కపెడితే సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచినట్లు తేలింది. మరునాడు ముగ్గురు న్యాయమూర్తుల ముందుకు ఒక బ్యాలెట్ వచ్చింది. ఆ ఓటరు ఇద్దరి పేర్ల పక్కనున్న గుండ్రాలనూ పెన్నుతో నింపి, సైమండ్స్ గుండ్రం మీద అడ్డంగా ఒక గీత కొట్టారు. ఆ గీతను కొట్టివేతగా భావించి న్యాయమూర్తులు ఓటును యాన్సీ ఖాతాలో వేశారు. ఇద్దరికీ చెరి 11,608 ఓట్లయ్యాయి. 2018 జనవరి 4న రాష్ట్ర రాజధాని రిచ్మండ్‌లో ఎన్నికల బోర్డు సమావేశమై, రెండు పేర్లనూ చీటీలుగా రాసి, ఫోటో రీళ్ళు దాచుకునే చిన్న డబ్బీల్లో పెట్టి, ఒక పింగాణీ గిన్నెలో వేసి ఒకటి తీసింది. యాన్సీ పేరు వచ్చింది. మన పంచాయతీ ఎన్నికల్లో ఓట్లు సమానమైతే చీటీ వేసినట్లే అనుకోండి. కాని ఇక్కడ ఆ చీటీతో తేలింది ఒక సర్పంచి పదవి కాదు. సైమండ్స్ పేరు వచ్చి ఉంటే సభ 50, 50 అయ్యేది. యాన్సీ పేరు రావడంతో 51, 49తో రిపబ్లికన్ల చేతిలో ఉండిపోయింది. సైమండ్స్ 2019లో మళ్ళీ పోటీ చేసి గెలిచారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం అదే ఏడాది 28వ నియోజకవర్గంలో జరిగినది. అది ఇప్పుడు మా కౌంటీలో ఉన్న 28 కాదు, పాత గీతల్లోది. అప్పటి హద్దు ఫ్రెడరిక్స్‌బర్గ్ నగరాన్నీ, స్టాఫర్డ్ కౌంటీనీ కోస్తూ వెళ్ళేది. ఓటర్ల జాబితాలో కొన్ని ఇళ్ళను గీతకు తప్పు వైపున నమోదు చేయడం వల్ల 147 మందికి పక్క నియోజకవర్గపు బ్యాలెట్ ఇచ్చారు. గెలిచిన అభ్యర్థికి వచ్చిన ఆధిక్యం 73 ఓట్లు. మళ్ళీ ఎన్నిక జరపాలని కోర్టుకు వెళ్ళినా ఫెడరల్ న్యాయమూర్తి ఒప్పుకోలేదు. ఆ 147 మంది తమ హక్కు వినియోగించుకున్నామనుకుంటూ ఇంటికి వెళ్ళారు, ఓటు మాత్రం తమది కాని చోట పడింది. ఓటరు జాబితాలో ఒక ఇంటి నంబరు తప్పుగా పడితే ఆ ఇంటికే వెళ్ళి సరిచేయించేవారు మీరు. అందుకే ఇది మీకు రాయాలనిపించింది.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఇక్కడ కౌంటీ ప్రభుత్వానికి సొంత అధికారం చాలా తక్కువ. మాకూ కౌంటీ బోర్డు ఉంది, తొమ్మిది మంది సూపర్వైజర్లు ఉన్నారు, ఇంటి పన్నూ, బడుల బడ్జెట్టూ వాళ్ళ చేతిలోనే ఉన్నాయి. కాని రాష్ట్ర శాసనసభ ఇచ్చిన అధికారం తప్ప మరేదీ వాళ్ళు వాడుకోలేరని ఇక్కడి చట్టం. మా ప్రాంతం నిండా డేటా సెంటర్లు వెలిశాయి. ఆష్‌బర్న్ వైపు వెళితే కిటికీలు లేని పెద్ద పెద్ద భవనాలూ, వాటి వెనుక వరుసగా జనరేటర్లూ కనిపిస్తాయి. వాటికి అమ్మకపు పన్ను మినహాయింపు ఇచ్చింది రాష్ట్ర శాసనసభ. డల్లెస్ విమానాశ్రయం వైపు వెళ్ళే గ్రీన్‌వే అనే ప్రైవేటు రోడ్డు టోలు రుసుము ఎంతో తేల్చేదీ రాష్ట్ర స్థాయి కమిషనే. దాన్ని అదుపు చేసే చట్టం తేగలిగినది రిచ్మండ్ సభే. అందుకే మా వీధి తరఫున అక్కడ ఎవరు కూర్చుంటారన్నది నాకు చిన్న విషయం కాదు.

మన వాళ్ళ గురించి కూడా రాయాలి. ఈ వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆంధ్రలో 175 స్థానాల్లో ఎక్కడ ఎవరు ఎంత మెజారిటీతో గెలిచారో భోజనాల దగ్గర గడగడా చెప్పగలిగిన పెద్దమనుషులు ఉన్నారు. అదే వాళ్ళను తమ డెలిగేటు పేరు అడిగితే చాలామంది తడబడతారు. పౌరసత్వం రాక ఓటు లేని వాళ్ళ సంగతి వేరు, గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ళ తరబడి నిలబడిన వాళ్ళను నేను ఒక్క మాట కూడా అనను. ఓటు ఉండి వెళ్ళని వాళ్ళను చూస్తేనే బాధ. ఈ ఏడాది జనవరి 7న మా దగ్గర ఉపఎన్నిక జరిగింది. అప్పటి మా సెనేటరు సుహాస్ సుబ్రహ్మణ్యం అమెరికా పార్లమెంటైన కాంగ్రెసుకు ఎన్నికవడంతో ఆ స్థానం ఖాళీ అయింది. దానికి అప్పటి డెలిగేటు శ్రీనివాసన్ పోటీ చేసి గెలిచారు. ఆయన వదిలిన 26వ స్థానంలో సింగ్ గెలిచారు. ముందు రోజే మంచు తుఫాను వచ్చింది. నేను వెళ్ళేసరికి పోలింగ్ జరిగే బడిలో సిబ్బంది ఎక్కువ, ఓటర్లు తక్కువ. రెండు సభల్లోనూ ఆధిక్యం ఒకటి రెండు స్థానాల మీదే నిలిచి ఉన్న సమయంలో, ఆ చలికి జడిసి ఇంట్లో ఉండిపోయిన వాళ్ళు మా సందులోనే ఎందరో ఉన్నారు.

మీకు సంతోషం కలిగించే సంగతి కూడా ఉంది. లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికైన గజాలా హష్మీ హైదరాబాదులో పుట్టి, నాలుగేళ్ళ వయసులో ఈ దేశానికి వచ్చారు. కళాశాలలో పాఠాలు చెప్పేవారు. 2019లో రిచ్మండ్ పరిసరాల నుంచి సెనేట్‌కు ఎన్నికయ్యారు. ఆ సభలో అడుగుపెట్టిన మొదటి ముస్లిం, మొదటి దక్షిణాసియా సభ్యురాలు ఆమే. పొటోమాక్ నది అవతలి మేరీల్యాండ్‌లోనూ లెఫ్టినెంట్ గవర్నరు అరుణా మిల్లర్ హైదరాబాదులోనే పుట్టారు. ఆమె మాంట్‌గమరీ కౌంటీలో ఇంజనీరుగా పనిచేసి, అక్కడి నుంచే శాసనసభకు వెళ్ళారు. గవర్నరుగా ఎన్నికైన అబిగైల్ స్పాన్‌బర్గర్‌తో పాటు హష్మీ వచ్చే జనవరి 17న ప్రమాణ స్వీకారం చేస్తారు. రాష్ట్ర సెనేట్‌కు అధ్యక్షత వహించేది లెఫ్టినెంట్ గవర్నరే. ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు కూడా ఆమెదే. 21, 19గా ఉన్న సభలో ఒక్క సభ్యుడు అటు మారితే ఆ ఓటు అవసరం పడుతుంది.

కొత్త శాసనసభ జనవరి 14న రిచ్మండ్‌లో సమావేశమవుతుంది. సరి సంవత్సరం కనుక 60 రోజులు సాగుతుంది. ఇక్కడి డెలిగేటు జీతం ఏడాదికి 17,640 డాలర్లే, అందుకే చాలామంది మరో ఉద్యోగం చేసుకుంటూ ఈ పని చేస్తారు. సమావేశాలు మొదలయ్యాక వాళ్ళు దొరకడం కష్టం. అందుకని డిసెంబరులోనే మా కాలనీ హాలుకు మా డెలిగేటును పిలిచి, గ్రీన్‌వే టోలు గురించీ, బడుల పక్కన కడుతున్న డేటా సెంటర్ల గురించీ అడగాలని నలుగురం అనుకున్నాం. మన ఊళ్ళో గ్రామసభల్లో మీరు వినతి పత్రాలు రాసిన తీరు నాకు గుర్తుంది కాని, ముందు ఏ అంశం పెట్టాలి, ఎన్ని సంతకాలుంటే పట్టించుకుంటారు అన్నది మీ అనుభవంతో చెబితే మాకు మేలు. వీలైతే వచ్చే ఆదివారం లోపల ఫోను చేయండి. అమ్మకు నా నమస్కారములు చెప్పండి.

ఇట్లు,
మీ కుమార్తె