స్టార్చ్ ఫిల్మ్‌ను మన గాలి తేమలోనే పరీక్షించండి

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలతో,

మొక్కజొన్న స్టార్చ్‌తో సంచుల ఫిల్మ్ (పలుచని పొర) తయారీని డ్వాక్రా సంఘాలకు నేర్పించే ఆలోచన ఏదైనా మీ ముందుకొస్తే, యంత్రాలకన్నా ముందు పరీక్షలకు డబ్బు కేటాయించమని మా విన్నపం.

తయారీ పెద్ద కష్టం కాదు. 100 మిల్లీలీటర్ల నీటికి 5 గ్రాముల స్టార్చ్, ఒకటిన్నర గ్రాముల గ్లిజరిన్. కలుపుతూ 85–90 డిగ్రీల దాకా కాచి, ఓ 20 నిమిషాలు అదే వేడిలో ఉంచాలి. తొందరపడితే ఉడకని రేణువులు మిగిలిపోతాయి, ఫిల్మ్ అక్కడే చిరుగుతుంది. బుడగలు పోయాక పళ్ళెంలో పోసి 40 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. పళ్ళెం కాస్త వాలినా మందం తేడా వస్తుంది. గ్లిజరిన్ తగ్గితే పెళుసు, ఎక్కువైతే జిగట.

అసలు చిక్కు ఆరిన తర్వాతే. గాలిలోని తేమ కూడా గ్లిజరిన్‌లాగే స్టార్చ్‌ను మెత్తబరుస్తుంది. ఏసీ గదిలో బిగువుగా ఉన్న ఫిల్మ్ కళింగపట్నం గాలికి సాగిపోతుంది. నిల్వ ఉంచితే స్టార్చ్ అణువులు మళ్ళీ పేరుకుని వారాల్లోనే పెళుసెక్కుతుంది. తేమను ఆపే శక్తి లేదు కాబట్టి పలాస జీడిపప్పు ప్యాకింగుకు ఒంటరిగా పనికిరాదు. నారుమళ్ళలో విత్తనాలు అంటించే పట్టీలకైతే నీటికి కరిగే ఆ గుణమే కావాలి.

పరీక్షకు ఖరీదైన గది అక్కర్లేదు. మూతబిగించిన డబ్బా అడుగున, ఉప్పు కరగకుండా మిగిలేంతగా కలిపిన నీళ్ళుంచితే లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మెగ్నీషియం నైట్రేట్ అయితే 53 శాతం. ఫిల్మ్ పట్టీలను రెండు డబ్బాల్లోనూ రెండేసి రోజులుంచి, ఒక్కో పట్టీ మందం ఐదు చోట్ల కొలిచి, లాగుడు యంత్రంపై (ఎంత బలానికి తెగుతుందో కొలిచేది) తెగేదాకా లాగాలి. నెల నిల్వ తర్వాత మళ్ళీ ఇదే చేయాలి. మనకు 75 శాతం దగ్గర వచ్చిన అంకే ముఖ్యం.

మట్టిలో పాతితే బరువు తగ్గిందని చూపడం రుజువు కాదు. ముందు కరిగి పోయేది గ్లిజరినే. కంపోస్టబుల్ (కుళ్ళి ఎరువయ్యే) ప్లాస్టిక్ ప్రమాణం ప్రకారం 58 డిగ్రీల కంపోస్టులో 180 రోజుల్లోగా ఫిల్మ్ కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. ఆ వేడి నాగావళి ఒడ్డున ఉండదు. కంపోస్టబుల్ అని సంచులు అమ్మాలంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం తప్పనిసరి. అది లేకుండా సంఘాల మహిళల చేత అప్పు చేయించి యంత్రాలు కొనిపించకండి.

జిల్లాలోని ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో లాగుడు యంత్రం, మైక్రోమీటరు, ఈ డబ్బాలు ఏర్పాటు చేసి, ఏ సంఘమైనా ఉచితంగా వాడుకునేలా ఉత్తర్వు ఇవ్వండి.