బుజ్జమ్మకి, అమ్మ రాసేది

బుజ్జమ్మా,

ఫోన్ చేస్తే ఎత్తట్లేదు, వాట్సాప్‌లో నీలం టిక్కులు పడుతున్నాయి గానీ జవాబు రావట్లేదు, అందుకని ఇంత పొడుగు రాసి పెడుతున్నా, తీరికున్నప్పుడు చదువుకో. కంగారేం లేదు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. గేదె ఈనింది, పెయ్య. జున్ను నీకు లేదే అని మీ నాన్న ముద్ద దిగనట్టు మొహం పెట్టారు, తిన్నదైతే రెండు గిన్నెలు.

చిట్టి పిన్ని వాళ్ల వాసు ఇంటర్వ్యూకని బెంగుళూరు వచ్చి నీ రూంకి కూడా వచ్చి వెళ్లాడంట కదా. నేనేం అడగలేదు, పిన్నే చెప్పింది, కొళాయి దగ్గర, అందరి ముందూ. పట్టపగలు కర్టెన్లు వేసుకుని కూర్చుందంటక్కా, బాగా చిక్కిపోయిందంట, టేబుల్ మీద ఏవో మాత్రలున్నాయంట, అని. వాడి మాట ఎంతవరకు నమ్మచ్చో పెద్దమావయ్య పొలం విషయంలో చూశాం కదా. అందుకే పట్టించుకోలేదు. మునక్కాయలు ఈసారి విరగకాశాయి.

పిల్లల మానసిక ఆరోగ్యం మీద నీ రీసెర్చ్ ఎంతవరకొచ్చింది? దసరాకి వచ్చినప్పుడు చెప్పావు, మీ బెంగుళూరు మానసిక ఆస్పత్రి నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలిందని. నేను అప్పుడే లెక్కేశా, మన హైస్కూల్లో సెక్షన్‌కి నలభై మంది అనుకుంటే ముగ్గురు. ఏ ముగ్గురో అని ఇంటర్వెల్లో అటు వెళ్లినప్పుడల్లా చూస్తుంటా, మొహాలు చూస్తే ఏం తెలుస్తుంది, అందరూ ఐసు తింటూనే ఉంటారు. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మనది లేదు అన్నావు చూడు, అయితే మనోళ్లకి ఏ రోగం లేదన్నమాట అని మీ నాన్న నవ్వారు. లెక్కపెట్టకపోతే లేనట్టా? సరే, ఊళ్లో పిల్లలందర్నీ అడిగే పనిలో ఉన్నావు గదా, నిన్నెవరు అడుగుతున్నారమ్మా అక్కడ? ఊరికే అంటున్నా.

మా ట్యాబుల రోజులు గుర్తొస్తున్నాయి. ఆరోగ్య పరిశోధనలు చేసే జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మన పశ్చిమ గోదావరి ఊళ్లలో స్మార్ట్ మెంటల్ హెల్త్ అని ప్రాజెక్టు పెట్టి మా ఆశా వర్కర్లకి ట్యాబులిచ్చి ఇంటింటికీ తిరిగి 18 దాటినోళ్లని ప్రశ్నలు అడగమన్నారు, నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా, ఏ పని మీదైనా మనసు పోతోందా, ఇలా తొమ్మిది, గడిచిన రెండు వారాల్లో ఎన్నాళ్లు అలా ఉంది అని సున్నా నుంచి మూడు దాకా మార్కులు. ఎక్కువొస్తే పీహెచ్‌సీ డాక్టర్ గారి దగ్గరికి పంపాలి. మనసుకి జబ్బు చేయడం సిగ్గుపడే పని కాదని నాటకం కూడా వేయించారు, మనూళ్లో ఎవరన్నా కాస్త తేడాగా ఉంటే వాల్తేరు ఆస్పత్రి, అదే పిచ్చాస్పత్రి, అని ఎగతాళి చేస్తారు కదా, ఆ నాటకం అయ్యాక కూడా కొన్నాళ్లు చేశారనుకో.

మెరక వీధిలో ఒకింటికి వెళ్లా, పేరు రాయను. ఆవిడ చింతపండు పిక్కలు తీస్తూ అన్నిటికీ లేదు లేదు అంటోంది, అత్తగారు మంచం మీంచి వింటుంటే ఔనని ఎలా అంటుందిలే. వాళ్లబ్బాయి ఇంటర్ మొదటేడు, గుమ్మంలో పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు, పేజీ తిప్పట్లేదు. నేను బయటికొచ్చి కాలవ గట్టు ఎక్కాక వెనకాలే సైకిలేసుకుని వచ్చి, ఆశాంటీ, అవి నన్నడగరా అన్నాడు. నీ వయసుకి ట్యాబ్ ఒప్పుకోదురా అన్నా. ట్యాబ్‌కి చెప్పొద్దులెండి, మీరే అడగండి అన్నాడు. లాకుల దగ్గర కూర్చుని అడిగా, అప్పటికి నాకు నోటికొచ్చేశాయి. వరసపెట్టి ఎనిమిదింటికీ రోజూ, రోజూ అన్నాడు. తొమ్మిదోది నీకూ తెలుసు కదా, చచ్చిపోతే బాగుండనిపిస్తోందా అని. నా నాలుక తిరగలేదు. లేనిపోని ఆలోచన నేనే పెట్టినట్టవుతుందేమో అని భయం, ట్రైనింగులో మేడం గారు అడిగితే ఆలోచన పుట్టదమ్మా, అడిగితే పిల్లలకి బరువు దిగుతుంది అని ఎన్నిసార్లు చెప్పినా సరే భయం. అడిగా చివరికి. వాడు పెడల్ని చేత్తో వెనక్కి తిప్పుతూ అప్పుడప్పుడూ అన్నాడు. ఆ రాత్రి వాడి పక్కనే పడుకోమని వాళ్ల నాన్నకి చెప్పి, మర్నాడు పీహెచ్‌సీకి తీసుకెళ్లా, అత్తగారికి మాత్రం పిల్లోడికి రక్తం తక్కువుందని చెప్పాం. అక్కణ్ణుంచి ఏలూరు పెద్దాస్పత్రి. మాత్రలు వాడాడు, మాట్లాడే ఆయన దగ్గరికి వెళ్లేవాడు. ఒక సబ్జెక్టు పోయింది, సప్లిమెంటరీ కట్టాడు, కొంప మునగలేదు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో సెల్ షాపు, నా ఫోన్‌కి గ్లాసు వేసి డబ్బులు పుచ్చుకోడు.

పిల్లల్నీ అడగనివ్వండి అని నేను మీటింగులో అరిచా కూడా. తర్వాత అదే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు బెజవాడ, ఢిల్లీ మురికివాడల్లో 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం ఆర్టెమిస్ అని మొదలెట్టారని నువ్వు చెప్తే నా అరుపు వల్లే అనుకున్నా, నవ్వకు.

ఇంకోటి చెప్పావు, బీహార్ నలందా జిల్లా స్కూళ్ల సంగతి. ఒకే కార్యక్రమాన్ని కొన్నిచోట్ల టీచర్లతో, కొన్నిచోట్ల బయటినుంచి తెచ్చి ట్రైనింగిచ్చిన మామూలు మనుషులతో చేయిస్తే, బయటోళ్లు చేసిన చోటే పిల్లలకి మేలు జరిగిందని, టీచర్లు చేసినచోట తేడా రాలేదని. దాని గురించి మొన్న రాత్రి పడుకుని ఆలోచించా. మార్కులేసే చేత్తోనే నాతో చెప్పుకోరా అంటే ఏ పిల్లోడు చెప్తాడు? అమ్మలూ ఆ టీచర్ల లెక్కలోకే వస్తారేమో. కాబట్టి నాకే చెప్పాలని లేదు. మీ గైడుకి చెప్పు, నీ రూమ్మేట్‌కి చెప్పు, అర్ధరాత్రయితే 14416కి చెయ్యి, టెలీమానస్ అని మనసు బాగోనోళ్ల కోసం సర్కారోళ్ల ఫోన్ లైను, తెలుగులో మాట్లాడతారు, మా ఊరి ఆరోగ్య కమిటీ గోడ మీద ఆ నంబరు నేనే రాయించా.

మాత్రల మాట నిజమైతే నాకేం బెంగ లేదు. అవి పనిచేయడానికి వారాలు పడుతుంది, బాగుంది కదా అని నీ అంతట నువ్వు ఆపేస్తేనే బెంగ. పరగడుపున వేసుకోకు. రాత్రి రెండింటిదాకా ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చోకు, పొద్దున్న కాసేపు ఎండలోకి వెళ్లు, ఆ నూడుల్స్ మానెయ్యి, తలకి నూనె పెట్టుకో, కర్టెన్లు ఉతికి ఎన్నాళ్లయిందో అవైనా తీసి ఉతుకు. లెక్చర్ ఇవ్వకూడదనే మొదలెట్టా, ఆశా ఉద్యోగం ఇంతే, నోరు ఆగదు.

మీ నాన్న వచ్చే గురువారం శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీయించుకున్నారు. మోకాళ్లు చూపించుకుంటారంట, గూడెంలో డాక్టర్లు లేనట్టు. నేనైతే పిన్ని మాట ఆయనకి చెప్పలేదు. వద్దంటే వద్దని చెప్పు, క్యాన్సిల్ చేయిస్తా, పోయేది కొంతే. రమ్మంటే కేఆర్ పురంలో దిగాలో ఇంకెక్కడ దిగాలో పెట్టు. పై బెర్తు వచ్చింది, పొద్దున్నకి నడుం పట్టేసి ఉంటుంది, కాఫీ ఇచ్చి కాసేపు పడుకోనివ్వు. సంచిలో కందిపొడి డబ్బా మూత వదులుగా ఉంది, నిలువుగా పెట్టమని చెప్పా, వినరు.

అమ్మ